పెరటి గుడ్ల కోళ్లు – నాలుగో పాఠం: పెట్ట గుడ్డుకు వచ్చే వేళ

మొదటి పాఠంలో ఏ రకం కోడి తెచ్చుకోవాలో చూశాం. రెండో పాఠంలో ఒక్కరోజు పిల్లల్ని బల్బు వెచ్చదనంలో నెల దాటించాం. మూడో పాఠమంతా టీకాలకు, ఎదిగే వయసు మేతకు సరిపోయింది. ఆ పాఠాల వెంట నడిచినవాళ్ల పెరట్లో ఇప్పుడు నాలుగు నెలలు దాటిన పెట్టలుంటాయి. ఒళ్లు నిండింది, ఈకలు మెరుస్తున్నాయి, గుడ్డు మాత్రం ఇంకా లేదు. ఈ వారాల్లో మనం చేసే పనులే ఏడాది పొడవునా బుట్టలోకి గుడ్లు వస్తాయో రావో తేలుస్తాయి. అందుకే ఈ పాఠం మిగతావాటికంటే పెద్దది.

ముందుగా ఒక మాట బాగా మనసుకు ఎక్కించుకోండి. నాటు పెట్టకు మేత తగ్గితే గుడ్లు తగ్గించుకుని తన ఒళ్లు తను కాపాడుకుంటుంది. సంకర పెట్ట అలా చేయదు. ఎక్కువ గుడ్లు పెట్టాలనే గుణం దాని పుట్టుకలోనే ఉంది. మనం పెట్టింది చాలకపోతే తన ఎముకల్లోని సున్నం, తన కండలోని బలం తీసి గుడ్డులో పెడుతుంది. కొన్నాళ్లకు ఇక తీయడానికి ఏమీ మిగలక ఆగిపోతుంది. "ఈ ఫారం రకాలు నాలుగు నెలలు పెట్టి చతికిలబడతాయి" అని ఊళ్లో చెప్పుకునేది ఇదే. అలా ఆగిన కోడిలో జాతి లోపం కనబడటం అరుదు. వెలుగు, గుల్ల (పెంకుకు సున్నమిచ్చే ఆలిచిప్పల పలుకు), నీళ్లు, బలమైన మేత, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అందలేదని తేలుతుంది.

ఏ రకం ఎప్పుడు

గుడ్ల ఫారాల్లో పెంచే తెల్ల బీవీ-300 పెట్ట 18, 19 వారాలకే మొదలుపెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన గ్రామప్రియ 160 నుంచి 165 రోజులకు, అంటే దాదాపు 23 వారాలకు గుడ్డుకు వస్తుంది. అదే సంస్థ ఇచ్చిన వనరాజా ఇంకో రెండు వారాలు ఆలస్యం. ఏడాది లెక్కలో చూస్తే పెరట్లో గ్రామప్రియ 160 నుంచి 180 దాకా, వనరాజా 100 నుంచి 110 దాకా పెడతాయి. వనరాజా మాంసానికీ గుడ్డుకీ పనికొచ్చే రకం, ఒళ్లు బరువు. గుడ్లే కావాలనుకున్నవాళ్లకు నేను గ్రామప్రియనే చెబుతాను. గుడ్డు లేత గోధుమ రంగులో ఉంటుంది, మన నెల్లూరు, ఒంగోలు వైపు కొనేవాళ్లు ఆ రంగు చూసే ఇష్టపడతారు.

బీవీ-300 ఏడాదికి 300 పెడుతుంది కదా, దాన్నే పెరట్లో వదిలితే పోలేదా అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూడండి. దానికి రోజుకు 110 గ్రాముల మేత మనమే పెట్టాలి, ఏడాదికి 40 కిలోలు. గ్రామప్రియ సగం మేత పెరట్లో ఏరుకుంటుంది, మనం పెట్టాల్సింది 60 గ్రాములు, ఏడాదికి 22 కిలోలు. ఒక్కో గుడ్డుకు ఖర్చయిన మేత రెండింటిలోనూ 130 గ్రాములకు అటూ ఇటూగానే వస్తుంది. మేత ఖర్చు గుడ్డుకింత అని సమానమైనప్పుడు, కుక్కను చూసి పరిగెత్తగలిగి, ఎండావానా తట్టుకునే కోడి నయం. బీవీ-300ని తయారుచేసింది పంజరంలో, కొలిచిన మేత మీద పెట్టడానికి. దాన్ని తెచ్చి చెత్తకుప్ప మీద వదలడం దానికి కష్టం, మనకు నష్టం.

గుడ్డుకు ముందే పూర్తికావాల్సినవి

16 వారాలు నిండగానే నట్టల మందు ఒకసారి తాగించండి. గుడ్లు మొదలయ్యాక తాగిస్తే ఆ మందు గుడ్డులోకి వస్తుంది, కొన్ని రోజుల గుడ్లు తినకుండా పారేయాలి. ఏ మందు, ఎంత అన్నది మీ పశువైద్యశాలలో అడిగి తీసుకోండి.

కొక్కెర తెగులుకు 8 నుంచి 10 వారాల వయసులో వేయించాల్సిన ఆర్‌2బి సూది ఎవరైనా తప్పిపోయి ఉంటే, గుడ్డుకు రాకముందే వేయించండి. గుడ్లు పెడుతున్న కోడికి ఆ సూది వేస్తే కొన్నాళ్లు గుడ్లు పడిపోతాయి. గుడ్లు మొదలైన తర్వాత అదే తెగులుకు లసోటా టీకానే నీళ్లలో కలిపి ఇవ్వడం మంచిది. ఆ నీళ్లలో బ్లీచింగ్ వాసన కూడా ఉండకూడదు. ఉంటే టీకా చచ్చిపోతుంది.

ఇక గుడ్ల పెట్టెలు. తొలి గుడ్డు ఎక్కడ పెడితే పెట్ట మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది. అందుకని పెట్టె రెండు మూడు వారాల ముందే సిద్ధంగా ఉండాలి. నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు. నిడివి, వెడల్పు, ఎత్తు అన్నీ అడుగు చొప్పున, ముందు వైపు గడ్డి జారిపోకుండా నాలుగంగుళాల పట్టీ ఉండాలి. పాత టమాటా పెట్టెలు, అడుగు ఊడని బుట్టలు, పగిలిన కుండ సగం, ఏదైనా సరే. లోపల వరిగడ్డి దిట్టంగా పరవండి. చీకటి మూల పెట్టండి, పెట్టకు మరుగు కావాలి. పెట్టెలు కోళ్లు రాత్రి పడుకునే కర్రలకంటే కిందుగా ఉండాలి. పైన ఉంటే రాత్రి అందులోనే పడుకుని పెంట చేస్తాయి. ఒక్కో పెట్టెలో మట్టితో చేసి ఆరబెట్టిన గుడ్డో, పెద్ద గోళీనో పెట్టి ఉంచితే చోటు తొందరగా పట్టుకుంటాయి.

గూడు ఇంకా చిన్నదే ఉంటే ఇప్పుడే పెంచుకోండి. పగలు బయట తిరిగే కోళ్లకు రాత్రి గూట్లో తలకు రెండు చదరపు అడుగులు సరిపోతాయి. ముసురు పట్టి రోజంతా లోపలే ఉండాల్సివస్తే మాత్రం నాలుగైదు అడుగులు కావాలి. నెల్లూరు లెక్కన ఒక అంకణం, అంటే 72 చదరపు అడుగుల పాకలో 15 పెట్టలు ఇబ్బంది లేకుండా ఉంటాయి. పడుకునే కర్రలకు తీరం పల్లెల్లో సరుగుడు, పైన మెట్టలో జామాయిల్ కావలసినంత దొరుకుతుంది. కోడికి ఎనిమిదంగుళాల చొప్పున కర్ర వదలండి.

చేత్తో చూసి తెలుసుకోవడం

గుడ్డుకు రాబోయే పెట్ట ముందుగానే చెబుతుంది. తల మీది జుట్టు లేత గులాబీ నుంచి నెత్తురు ఎరుపుకు తిరుగుతుంది, తాకితే మెత్తగా వెచ్చగా ఉంటుంది. మూలలు వెతుకుతూ తిరుగుతుంది. వీపు మీద చెయ్యి వేస్తే పారిపోకుండా రెక్కలు కొంచెం విప్పి కింద కూర్చుంటుంది. అలా కూర్చుందంటే వారం పది రోజుల్లో గుడ్డు వస్తుంది.

ఇంకా నిక్కచ్చిగా తెలియాలంటే చీకటిపడ్డాక కర్ర మీద కూర్చున్న కోడిని పట్టుకోండి, ఆ వేళ గోల చేయదు. తల మీ చంక కిందికి, తోక ముందుకు వచ్చేలా ఎడమ చేత్తో ఒడిసి పట్టుకుని, కుడిచేతి వేళ్లతో తోక కింద గుడ్డు వచ్చే ద్వారానికి అటూ ఇటూ తడమండి. రెండు సన్నని ఎముకల కొసలు తగులుతాయి. వాటి మధ్య ఒక్క వేలే పడితే ఆ కోడి గుడ్లు పెట్టడం లేదు. రెండు, మూడు వేళ్లు పడితే పెడుతోంది. అక్కడి నుంచి రొమ్ము ఎముక కొస దాకా ఉన్న ఎడం మూడు నాలుగు వేళ్లుండి, చర్మం మెత్తగా సాగుతుంటే మంచి పెట్ట. గట్టిగా, మందంగా తగిలితే లోపల కొవ్వు పట్టిందని అర్థం. ద్వారం కూడా చూడండి. పెట్టే కోడికి అది పెద్దగా, తడిగా, కోలగా ఉంటుంది. పెట్టని కోడికి చిన్నగా, పొడిగా, గుండ్రంగా ముడుచుకుని ఉంటుంది.

పసుపు కాళ్ల కోళ్లలో మరో గుర్తుంది. పచ్చసొనకు పసుపు రంగు కావాలి కాబట్టి పెట్ట ఒంట్లోని పసుపు మెల్లమెల్లగా దిగిపోతుంది. ముందు ద్వారం చుట్టూ, తర్వాత కంటి చుట్టూ, నెల పైబడితే ముక్కు, నాలుగైదు నెలలకు కాళ్లు తెల్లబడతాయి. ఏడాది చివర్లో కాళ్లు ఇంకా నిగనిగలాడే పసుపులో ఉన్న పెట్టను జనం ఆరోగ్యం అనుకుని మెచ్చుకుంటారు. నిజానికి అది గుడ్లు పెద్దగా పెట్టనిది. కాళ్లు వెలిసి, ఈకలు చిరిగి, చూడటానికి నలిగిపోయినట్టున్నదే మీకు పెట్టింది.

ఈ తడిమి చూడటం నేర్చుకోవడం ఎందుకంత అవసరమో కావలి దగ్గరి ఒక పల్లెలో చూశాను. ఒక అవ్వ గ్రామప్రియ పెట్టల్ని ఎంతో ప్రేమగా పెంచింది. ఆరో నెల సగమైనా గుడ్డు లేదు.

"మోసపోయినాను నాయనా, ఇవి పెట్టే జాతి కాదంట. కోసుకు తినమంటన్నారు మావోళ్లు," అంది.

"కోసేముందు ఒక్కసారి చూద్దాం అవ్వా, ఆ ఎర్రజుట్టుదాన్ని పట్టియ్యి."

తడిమితే మూడు వేళ్లు ఎడం. ఇంకో రెండు కోళ్లు చూసినా అంతే. అంటే అవి పెడుతున్నాయి, అవ్వకు కనబడటం లేదు. ఆ రోజు కోళ్లను పొద్దున పది దాకా గూట్లోనే ఉంచి వదలమన్నాను. వదలగానే ఒక పెట్ట తిన్నగా గడ్డివామి వెనక్కు పరిగెత్తింది. వామి అడుగున గుంట, అందులో గుడ్లు. కొన్ని అప్పటికే కుళ్లాయి. కొన్నింటిని ముంగిస తాగి వదిలిన పెంకులు పక్కనే ఉన్నాయి. గూట్లో రెండు బుట్టలు పెట్టి, వామి చుట్టూ కంప వేసి, వారం పాటు పది గంటల దాకా కోళ్లను లోపలే ఉంచింది అవ్వ. తర్వాత గుడ్లు ఇంట్లోకే వచ్చాయి. పెట్టలు ఎక్కువ గుడ్లు పొద్దున పది లోపే పెడతాయి. అందుకే పది దాకా గూట్లో ఉంచడం అన్నిటికంటే సులువైన మందు.

లోపల ఒక గుడ్డు తయారయ్యే కథ

పచ్చసొన వారం పది రోజులు పెరిగి పండుతుంది. పండినది జారి గొట్టంలో పడ్డాక మూడు గంటల్లో తెల్లసొన చుట్టుకుంటుంది, మరో గంటా గంటంబావులో పల్చటి పొర. ఆ తర్వాత ఒక్క పెంకుకే దాదాపు 20 గంటలు. మొత్తం 25, 26 గంటలు. గుడ్డు బయట పడ్డ అరగంటకు తరువాతి సొన జారుతుంది. దీన్నిబట్టి ఇవాళ ఏడింటికి పెట్టిన పెట్ట రేపు ఎనిమిదింటికి, ఎల్లుండి తొమ్మిది దాటాక పెడుతుంది. అలా జరుగుతూ మధ్యాహ్నానికి చేరాక ఆ రోజు సొన జారదు, ఒక రోజు నాగా పడుతుంది. మళ్లీ మర్నాడు పొద్దున్నే మొదలు. ఏ కోడికైనా నాగాలు తప్పవు. బీవీ-300కు నాగాలు అరుదు, గ్రామప్రియకు రోజు మార్చి రోజు నాగా మామూలే. పది పెట్టలుండి రోజుకు ఐదారు గుడ్లు వస్తుంటే మీ మంద బాగానే పెడుతోంది. రోజూ పది రావాలని ఆశపడి మేత మార్చకండి.

పెంకు ఎక్కువగా రాత్రి పూటే తయారవుతుందన్న సంగతి గుర్తుంచుకోండి, గుల్ల గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

వెలుగు

పెట్ట గుడ్డుకు వెలుగే తాళంచెవి. కంటి నుంచీ, పుర్రె ఎముక లోంచీ పడే వెలుగు మెదడుకు చేరి, అక్కడి నుంచి గుడ్డు పెట్టే సంచికి కబురు పోతుంది. రోజుకు 14 గంటలు దాటితే ఆ కబురు బలంగా పోతుంది, 16 గంటలకు నిండుగా పోతుంది.

మన జిల్లాల్లో పగలు ఎంత? నెల్లూరు, ఒంగోలు దగ్గర జూన్‌లో అన్నిటికంటే పొడుగు పగలు కూడా 13 గంటలే. డిసెంబరులో పదకొండుంబావుకు పడిపోతుంది. అంటే ఏడాదిలో ఏ ఒక్కరోజూ సూర్యుడి వెలుగు మాత్రమే సంకర పెట్టకు పూర్తిగా చాలదు. నాటు కోడికి దీని బాధ లేదు, అది పెట్టే పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది.

ఇంకో కష్టం కూడా మనకే. తెలంగాణలో, గోదావరి వైపు పెద్ద వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. పగలు కురచబడే నెలలూ, ముసురు పట్టే నెలలూ, తుపాన్ల నెలలూ ఒక్కటే. మబ్బు, తడి ఊక, బూజు పట్టిన మేత అన్నీ కలిసి ఒకేసారి మీద పడతాయి. కార్తీకంలో గుడ్లు పడిపోయాయని చెప్పని ఇల్లు మన వైపు ఉండదు.

మందు చవక. గూట్లో ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, కోళ్ల ఎత్తులో కూర్చుని పేపరు చదవగలిగేంత వెలుగు చాలు. ఒకేసారి 16 గంటలకు పెంచకండి. తొలి గుడ్డు కనబడగానే మొదలుపెట్టి వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ పోండి. తెల్లవారుజాము వైపు పెంచడం మేలు. సాయంత్రం బల్బు చటుక్కున ఆరిపోతే కర్ర ఎక్కని కోళ్లు చీకట్లో కిందే ఉండిపోతాయి. చివరికి తెల్లవారుజామున మూడింటికి వెలిగి, రాత్రి ఏడింటికి ఆరితే పదహారు గంటలు. పగటిపూట ఆపేసుకోవచ్చు. మూడింటికి లేచి స్విచ్ వేయనక్కర్లేదు, టైమర్ ప్లగ్గు ఒకటి పెట్టుకుంటే అదే చూసుకుంటుంది.

రెండు జాగ్రత్తలు. 18 వారాల లోపు పెట్టలకు బల్బు పెట్టకండి. ఒళ్లు నిండకముందే గుడ్డుకు వచ్చి, చిన్న గుడ్లు పెట్టి, ఒక్కోసారి గుడ్డుతోపాటు లోపలి ఎర్ర కండ బయటికి పొడుచుకొస్తుంది. మిగతా కోళ్లు దాన్ని పొడిచి చంపేస్తాయి. రెండోది, పెంచిన వెలుగును మళ్లీ తగ్గించకండి. వారం రోజులు కరెంటు లేకో, బల్బు కాలిపోయో వెలుగు తగ్గితే కొన్ని పెట్టలు ఈకలు రాల్చడం మొదలుపెడతాయి. ఈకలు రాల్చే కోడి గుడ్డు పెట్టదు, మళ్లీ మొదలవడానికి రెండు నెలలు పట్టొచ్చు. తుపాను రోజుల కోసం ఒక ఛార్జింగ్ లైటు దగ్గరుంచుకోండి.

గుల్ల, మేత

ఒక్క గుడ్డు పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంత చిన్న ఒంట్లోంచి ఏడాదికి 170 సార్లు అంత బయటికి పోతుంది. గుడ్ల కోడి మేతలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉండాలనేది అందుకే. ఎదిగే కోడికి ఒక్క శాతం చాలు. ఆ వయసులోనే గుడ్ల మేత పెడితే మూత్రపిండాలు పాడవుతాయి. అందువల్ల తొలి గుడ్లు కనబడే దాకా ఎదిగే మేతే పెట్టి, ఆ తర్వాత మార్చండి.

తీరం పక్కన పుట్టడం ఇక్కడ మనకు కలిసొచ్చింది. సముద్రం ఒడ్డునా ఉప్పుకయ్యల్లోనూ దొరికే గుల్ల, ఆలిచిప్పలు తెచ్చి, మంచినీళ్లలో రెండుసార్లు కడిగి ఉప్పు పోయాక ఎండబెట్టి, దంచండి. పిండిలా చేయకండి. సజ్జ గింజంత, జొన్న గింజంత పలుకులుగా ఉండాలి. పిండి తొందరగా కడుపు దాటిపోతుంది. పలుకులు కందనకాయలో నిలబడి రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతాయి, పెంకు తయారయ్యేది రాత్రే కదా. ఒక చిప్పలో విడిగా పెట్టి వదిలేయండి. గుడ్డు పెట్టే కోడి సాయంత్రం పూట తనే వచ్చి కావలసినంత తింటుంది, పెట్టనిది ముట్టుకోదు. కాల్చిన సున్నం, తడి సున్నం మాత్రం ఎప్పుడూ కలపకండి, నోరూ కడుపూ కాలిపోతాయి. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు వేయదలిస్తే ఎండబెట్టి ఆనవాలు తెలియకుండా నలిపి వేయండి, లేకపోతే గుడ్లు పొడిచి తినే అలవాటు పడుతుంది.

మేత ఇంట్లో కలుపుకునేవాళ్లకు పది కిలోల కొలత ఇది: నూకలు లేదా దంచిన మొక్కజొన్న 4.9 కిలోలు, తవుడు 1.3, సోయా పిండి 1.8, వేరుశనగ చెక్క అర కిలో, ఉప్పు లేని ఎండుచేపల పొడి 400 గ్రాములు, గుల్ల పలుకు 800 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం పావు కిలో, ఉప్పు 25 గ్రాములు. మాంసకృత్తులు 17 శాతం పైన వస్తాయి. మెట్టవాళ్లు నూకల్లో సగం తీసేసి జొన్నో సజ్జో కలుపుకోవచ్చు. పెరట్లో తిరిగే పెట్టకు రోజుకు 50 నుంచి 60 గ్రాములు, పొద్దున కొంచెం, సాయంత్రం గూటికి పిలిచేటప్పుడు ఎక్కువ.

నూకలు ఒక్కటే పోసేవాళ్లతో నాకు ప్రతి ఊళ్లోనూ వాదనే. వరి పండే నేల మనది, నూకలు చేతికందుతాయి, కోడి ఇష్టంగా తింటుంది, నిజమే. కానీ నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం దరిదాపులే. నూకలతో పెంచిన పెట్టకు కొవ్వు పడుతుంది, గుడ్డు పడదు. వనరాజా అయితే మరీ తొందరగా లావెక్కుతుంది. నూకలు మానలేకపోతే పైన కొంచెం సోయా పిండి, చెదపురుగులు, అజొల్లా (నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క), మునగాకు కలపండి. మునగాకు తింటే పచ్చసొనకు మంచి రంగు వస్తుంది.

ఇక్కడ దొరికేవన్నీ మంచివే అనుకోవద్దు. ఒంగోలు వైపు కావలసినంత ఉన్న సుబాబుల్ ఆకు చూడటానికి బలమైన మేతలా ఉంటుంది, కానీ అందులో మైమోసిన్ అనే విషం ఉంది, ఎక్కువ తింటే గుడ్లు తగ్గుతాయి. ఉప్పుచేపల తలకాయలు, చెరువుల దగ్గర పారేసే రొయ్య తలలు ఎక్కువ పెడితే గుడ్డుకు నీచు వాసన వస్తుంది, ఉప్పు ఎక్కువై పెంట నీళ్లలా పోతుంది. వేరుశనగ చెక్క, మొక్కజొన్న ముసురులో బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని తినేస్తుంది. బూజు వాసన వచ్చిన చెక్కను ఎండబెట్టి పెడితే సరిపోతుందనుకుంటారు. ఎండకు బూజు చస్తుందిగానీ విషం పోదు, పారేయండి. వానాకాలంలో పది రోజులకు మించి మేత కలిపి పెట్టుకోకండి.

నీళ్లు, ఎండ

మేత ఒక పూట తప్పినా కోడి ఓర్చుకుంటుంది. నీళ్లు తప్పితే ఆ వారమంతా గుడ్లు తగ్గుతాయి. పెట్టకు మామూలు రోజుల్లో పావు లీటరు, ఎండాకాలంలో అర లీటరు దాకా కావాలి. తీరం వెంబడి చాలా బోర్లు ఉప్పగా వస్తాయి. మనం ఆ నీళ్లు తాగం, కోళ్లకు మాత్రం పోస్తాం. ఉప్పు నీళ్లు తాగే పెట్టల గుడ్లు పెంకు పల్చబడతాయి, గుల్ల ఎంత పెట్టినా సర్దుకోవు. మీరు తాగే నీళ్లే వాటికీ పోయండి. పది పెట్టలకు రోజుకో బిందె కూడా పట్టదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు కోడి చెమట పట్టించుకోలేదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పి రొప్పి రక్తంలో పెంకుకు కావలసిన బొగ్గుపులుసు గాలిని పోగొట్టుకుంటుంది, దాంతో పెంకు పల్చగా వస్తుంది. మేత కూడా తగ్గిస్తుంది. కత్తెర మొదలైనప్పటి నుంచి మేతను తెల్లవారుజామునా చీకటి పడ్డాకా పెట్టండి, మధ్యాహ్నం వద్దు. మట్టికుండల్లో నీళ్లు, నీడలో రెండు మూడు చోట్ల పెట్టండి. తాటాకు పాక ఉన్నవాళ్లు అదృష్టవంతులు. రేకుల పాక అయితే పైన గడ్డి పరిచి మధ్యాహ్నం తడపండి. పుచ్చకాయ తొక్కలు, పల్చటి మజ్జిగ కూడా ఉపయోగమే.

గుడ్లు తగ్గితే వరసగా చూడాల్సినవి

కంగారుపడి టానిక్కు కొనేముందు వెతకండి, దాపరికంగా ఎక్కడైనా పెడుతున్నాయేమో. తర్వాత నీళ్ల కుండ, రాత్రి బల్బు, మేత వాసన. రాత్రి టార్చి తీసుకుని కర్రల సందులు చూడండి, పేలు గుంపులుగా ఉంటే అవి రాత్రిపూట నెత్తురు తాగి పోతున్నాయి. కోళ్లకు ఇసుక, బూడిద కలిపిన గుంట ఒకటి పొడి నేలలో తీసిపెడితే వాటి ఒంటి మీది పేలను అవే దులుపుకుంటాయి. కర్రల సందుల్లోని పేలకు మందు పశువైద్యుణ్ని అడగాలి. ఒక్క పెట్టే గుడ్లు మానేసి పెట్టెలో కూర్చుని గుర్రుమంటుంటే అది పొదుగుకు వచ్చింది. సంకర రకాల్లో అరుదు, వస్తే మూడు నాలుగు రోజులు అడుగున గాలాడే బుట్టలో మేతా నీళ్లతో వేరుగా ఉంచండి, మర్చిపోతుంది.

అన్నీ ఒకేసారి తగ్గి, జుట్లు నీలమెక్కి, కోళ్లు వరసగా చచ్చిపోతుంటే ఆ పరీక్షలన్నీ పక్కన పెట్టండి. వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి మన జిల్లావాళ్లకు తెలిసిందే. అలాంటప్పుడు చచ్చిన కోళ్లను చేత్తో తాకకూడదు, కాలవలో వేయకూడదు, మిగిలినవాటిని సంతకు తోలకూడదు.

ఈ నెల మీ పని

తొలి గుడ్లు చిన్నవిగా, అక్కడక్కడ రెండు సొనలతో, పెంకు మీద నెత్తుటి గీతతో వస్తాయి. భయపడకండి, నెల తిరిగేసరికి సర్దుకుంటుంది. గుడ్లను నీళ్లతో కడగకండి. పెంకు మీద కంటికి కనబడని పూత ఉంటుంది, అది పోతే లోపలికి సూక్ష్మజీవులు దూరతాయి. మురికి అంటినవి పొడిగుడ్డతో తుడిచి ముందు వాడేయండి. తినే గుడ్డుకు పుంజు అక్కర్లేదు. పుంజు లేని మందలో గుడ్డు ఎండాకాలంలో తొందరగా చెడదు కూడా.

గోడ మీద ఒక కేలండరు కట్టండి. ప్రతి రోజు గడిలో ఎన్ని పెట్టలున్నాయి, ఎన్ని గుడ్లు వచ్చాయి అని రాయండి. వారానికోసారి గుడ్లను కూడి, పెట్టల సంఖ్యను ఏడుతో గుణించి భాగించండి. 10 పెట్టలకు వారంలో 38 గుడ్లు వస్తే 70లో 38, అంటే 54 శాతం. గ్రామప్రియ మందకు మొదటి ఆరు నెలల్లో 50 దాటడం మంచి ఫలితం. మేత మార్చిన రోజు, బల్బు పెట్టిన రోజు, వాన పడ్డ రోజు కూడా పక్కన గుర్తు పెట్టండి. ప్రతి పెట్ట కాలికి వేరు వేరు రంగు దారం వదులుగా కట్టి, నెలకోసారి రాత్రిపూట తడిమి, ఎన్ని వేళ్లు పట్టాయో రంగు పక్కన రాసుకోండి.

ఐదో పాఠానికి ఆ కేలండరు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఏ పెట్టను ఉంచాలి, ఏ పెట్టను తీసేయాలి, రెండో ఏడాదికి కొత్త పిల్లల్ని ఏ నెలలో తేవాలి అన్నవి అందులోని అంకెలతోనే లెక్కవేస్తాం.